పేలని పిస్టల్, చింపేసిన రికార్డు పేజీ

(స్వర్ణోత్సవ సభలో 1979 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "సైన్యంలో ఇరవై నాలుగేళ్లు చేశావు కదా, యుద్ధం గురించి ఓ పావుగంట మాట్లాడు" అన్నారు. నేను యుద్ధం చేసినవాణ్ని కాదు. చేసేవాళ్ల తుపాకులు బాగుచేసినవాణ్ని. 1981లో విశాఖపట్నంలో భర్తీ అయ్యాను. సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్లో శిక్షణ, ఆ తర్వాత ఆర్మరర్ పని. మన ఊరి భాషలో తుపాకుల మెకానిక్కుని. అందుకని ఒకే ఒక్క పిస్టల్ సంగతి చెబుతాను. అందులో తప్పు నాది. మొదటి వరుసలో కూర్చున్న మన సైన్సు మాస్టారికి కూడా దాంతో కాస్త సంబంధం ఉంది. ఆయనకి తెలియదు.

1989 చలికాలం. జమ్మూ కాశ్మీర్ కొండల మీద ఒక యూనిట్. పేరు చెప్పను, ఆ అలవాటు ఇంకా పోలేదు. మా కోత్‌లో, అంటే ఆయుధాలు దాచే గదిలో, ఏడు పిస్టళ్లుండేవి. వాటిలో ఒకటి బాగా పాతది, బ్రౌనింగ్ హై పవర్. జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టి 1926లో చనిపోతే, బెల్జియంలో సైవ్ అనే ఇంజనీరు పూర్తిచేసిన డిజైను అది. 1935లో బయటికొచ్చింది. యుద్ధంలో బెల్జియం జర్మన్ల చేతిలో పడ్డాక కెనడాలో, టొరంటోలోని ఇంగ్లిస్ కంపెనీ వాటిని తయారుచేసింది. మాది ఆ కంపెనీదే. తర్వాతి రోజుల్లో ఆ కంపెనీ బట్టలుతికే మిషన్లకు పేరుపడింది! మన ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసే 9 ఎం.ఎం. పిస్టల్ కూడా ఈ నమూనాయే. పదమూడు తూటాలు పడతాయి. నాకన్నా కనీసం పద్దెనిమిదేళ్లు పెద్దది, అయినా చేతిలో పట్టుకుంటే ముచ్చటేసేది.

దాని జబ్బు ఏమిటంటే, పొద్దున్నే ఫైరింగ్‌కి తీసుకెళ్తే పదిలో ఒకటో రెండో పేలవు. 'టక్' మంటుంది, అంతే.

తూటా అడుగున మధ్యలో బొట్టులా ఉండేది క్యాప్. పిస్టల్ వెనక హ్యామర్ పడితే, అది ఫైరింగ్ పిన్నుని గుద్దుతుంది. పిన్ వెళ్లి క్యాప్‌ని కొడుతుంది. పేలని తూటా దొరికితే ముందు ఆ క్యాప్ మీద గుంట చూడాలి. నడిమధ్యన లోతుగా పడి ఉంటే అనుమానం తూటా మీద. పైపైన పడితే పిస్టల్ మీద. అసలు గుంటే లేకపోతే పిన్ విరిగిందేమో చూడాలి. పక్కకి పడితే గొట్టం, స్లైడు సరిగ్గా కూర్చోవడం లేదన్నమాట. మా తూటాల మీద గుంట పైపైనే ఉంది. చూశాను. ఎక్కడా రాసుకోలేదు.

పాత పిస్టల్ కదా, హ్యామర్ స్ప్రింగ్ అలిసిపోయి ఉంటుందనుకుని కొత్తది వేశాను. మధ్యాహ్నం వర్క్‌షాపు వెనక పది తూటాలు కాలిస్తే పదీ పేలాయి. 'ఫిట్' అని సంతకం పెట్టాను. నాలుగు రోజులకి మళ్లీ అదే ఫిర్యాదు. ఈసారి తూటాల మీద అనుమానపడ్డాను. అదే పెట్టెలోవి తీసి కార్బైన్‌లో కాల్చాను. అన్నీ పేలాయి. స్ప్రింగ్ కొత్తది, తూటాలు మంచివి, కాబట్టి కాల్చేవాళ్లకి చేతకావడం లేదని తేల్చి రెండోసారి సంతకం పెట్టాను.

ఆ పరీక్ష ఎంత తెలివితక్కువదో తర్వాత తెలిసింది. కార్బైన్‌లో బరువైన బోల్ట్ మొత్తం ముందుకొచ్చి రోకటిపోటులా గుద్దుతుంది. ఎంత మొండి క్యాప్ అయినా దానికి పేలుతుంది. దాన్నిబట్టి పిస్టల్ సంగతి ఏం తెలుస్తుంది?

ఇక్కడ ఒక మాట. ఆ రెండు వారాలూ ఆ పిస్టల్ మా మేజర్ సాబ్ నడుముకి ఉంది. ఆయన రాత్రిళ్లు గస్తీకి వెళ్లేవారు. నేను హాయిగా నిద్రపోయేవాణ్ని.

మళ్లీ ఫైరింగ్ రోజు వచ్చింది. తెల్లవారుజాము, గడ్డి మీద మంచు. కొత్తగా వచ్చిన లెఫ్టినెంట్ సాబ్, ఇరవై రెండేళ్ల కుర్రాడు, మూడో తూటాకి 'టక్'. "ఉస్తాద్, మళ్లీ ఆగింది చూడు" అంటూ పిస్టల్ పట్టుకునే నా వైపు తిరిగాడు. గొట్టం సరిగ్గా నా పొట్టకి ఎదురుగా ఉంది. అతని మణికట్టు పట్టుకుని టార్గెట్ వైపు తిప్పేశాను. పేలని తూటా ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది. దాన్ని హ్యాంగ్ ఫైర్ అంటారు. అందుకే టక్ మన్నాక టార్గెట్ వైపే పట్టుకుని ముప్ఫై లెక్కపెట్టాలి. ఇద్దరం లెక్కపెట్టాం. తర్వాత పిస్టల్ నేను తీసుకుని, బొటనవేలితో హ్యామర్ లాగి, అదే తూటాని మళ్లీ కొట్టాను. ఢామ్మని పేలింది.

ఆ పూట నాకు టిఫిన్ దిగలేదు.

తొమ్మిదో తరగతిలో లఘు లోలకం ప్రయోగం ఎంతమందికి గుర్తుందో. నేను పక్కవాడి ఫలితం చూసి, దానికి సరిపడా పరిశీలనలు వెనక నుంచి నింపాను. మాస్టారు ఒక్కసారి చూసి ఆ పేజీ చింపేశారు. కొట్టలేదు, తిట్టలేదు. "ఫలితం ముందు తెలిసినవాడికి గడియారం ఎందుకురా?" అన్నారు. ఆ రాత్రి బ్యారక్‌లో అది గుర్తొచ్చింది. కాగితం తీసుకుని ఒక్కో మిస్‌ఫైర్ ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని గంటలకి జరిగిందో రాశాను. రాస్తుంటేనే తెలిసిపోయింది. పేలనివన్నీ ఉదయం ఎనిమిదిలోపువి. నేను పరీక్ష పెట్టినవన్నీ మధ్యాహ్నం ఎండలోవి.

మర్నాడు పెన్సిల్‌తో చూశాను. పిస్టల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, ఖాళీ మ్యాగజైన్ పెట్టి (మ్యాగజైన్ లేకపోతే హై పవర్ ట్రిగ్గర్ పనిచేయదు), గొట్టం పైకి పట్టుకుని రబ్బరున్న పెన్సిల్ లోపలికి వేసి ట్రిగ్గర్ నొక్కాలి. పిన్ కొట్టిన దెబ్బకి పెన్సిల్ ఎగురుతుంది. మధ్యాహ్నం నా పెన్సిల్ రేకుల కప్పుకి తగిలింది. రాత్రంతా చలిలో ఉంచి తెల్లవారి చూస్తే జానెడు లేచి పడింది.

స్లైడు వెనక పలక దించితే పిన్ స్ప్రింగు తోపుకి దానంతటదే బయటికి రావాలి. రాలేదు, పీకాల్సి వచ్చింది. దాని దారి నిండా గోధుమరంగు జిడ్డు, చింతపండు గుజ్జులా. ఈ పిస్టల్‌లో పిన్ను హ్యామర్ చివరిదాకా నెట్టదు. దెబ్బ తిని తన ఊపు మీద తనే వెళ్లాలి, క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్ లాగ. వానాకాలం పౌడర్ లేని బోర్డు మీద స్ట్రైకర్ ఎంత దూరం పోతుందో మీకు తెలుసు. ఎప్పుడో నిల్వ ఉంచినప్పటి గ్రీజు, దానికి తోడు వారం వారం నేను వెనక నుంచి వేసిన నూనె చుక్కలు, పేలిన మందు మసి, అన్నీ కలిసి పేరుకున్నాయి. చలికి అది బిగుసుకునేది, ఎండకి కరిగేది. గొట్టం, స్లైడు జవాన్లు రోజూ చిందీతో తుడుస్తారు. పిన్ విప్పి తుడవాల్సింది ఆర్మరర్. అంటే నేను. విప్పకుండా నూనె వేసి అదే సంరక్షణ అనుకున్నాను.

కిరసనాయిలుతో కడిగి, పొడిగా తుడిచి, ఆ దారిలో నూనె వేయకుండా బిగించాను. పాత స్ప్రింగే మళ్లీ పెట్టాను. కొత్తది ఉంచేస్తే జబ్బు దేనివల్ల పోయిందో తేలదు కదా. మర్నాడు తెల్లవారుజామున రెండు మ్యాగజైన్లు, ఇరవై ఆరు తూటాలు, అన్నీ పేలాయి. పాపం, ఆ స్ప్రింగ్ తప్పేమీ లేదు.

మేజర్ సాబ్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. "రెండు వారాలు మీ దగ్గర పేలుతుందో లేదో తెలియని పిస్టల్ ఉంది సాబ్. రెండుసార్లు ఫిట్ అని సంతకం పెట్టింది నేనే" అని చెప్పాను. ఆయన చాలాసేపు నా మొహం వైపే చూశారు. తిడతారనుకున్నాను.

"మిగతా ఆరు?" అన్నారు.

ఆ రాత్రే ఆరూ విప్పాను. నాలుగింటిలో అదే జిడ్డు ఉంది.

భోజనాలకి పిలుస్తున్నారు.