చెరపినది తిరిగి వచ్చుటెట్లు?

(సాంస్కృతిక సంఘ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



“చెరపకురా చెడేవు” అని పెద్దల మాట. ఇతరులకు కీడు తలపెట్టువానిని హెచ్చరించుటకు పుట్టిన సామెత ఇది. కాని ఈ కాలమున ఏ కీడును తలపెట్టనివాడు సైతము వ్రేలికొన తాకిడిచే పదిమంది శ్రమను క్షణములో చెరపివేయగలుగుచున్నాడు. దోషము వానిదా, వాని చేతికిచ్చిన పనిముట్టుదా యను ప్రశ్నయే నేటి ప్రసంగమునకు విషయము.

ఒక సంఘమువారు ఉగాది సంచికను సిద్ధము చేయుచున్నారనుకొనుడు. వ్యాసములు, ప్రకటనల పట్టిక, చందాల లెక్క, అన్నియు ఒకే ఉమ్మడి ఫోల్డరులో నున్నవి. కార్యవర్గములోని పన్నెండుగురును తమతమ ఫోనులనుండి దానిని తెరచి పనిచేయుచున్నారు. అందొకరు, తమ ఫోనులో చోటు చాలక, ఆ ఫోల్డరును తమ ఫోనునుండి మాత్రమే తీసివేయుచున్నామనుకొని “తొలగించు” అను మీటను నొక్కినారు. మరునాడు తక్కిన పదునొకండుగురికిని ఫోల్డరు కనబడలేదు. నొక్కినవారు అజాగ్రత్తపరులు కారు. “తొలగించు” అను మాటకు “నా యొద్దనుండి” అనియు, “అందరి యొద్దనుండి” అనియు రెండర్థములు వచ్చుచుండగా, తానే యర్థమున పనిచేయునో ఆ తెర చెప్పలేదు.

కాగితముల కాలమున ఈ చిక్కు ఇంతగా లేకుండుటకు కారణము కలదు. లెక్కల పుస్తకములో తప్పు దొరలినచో దానిని గీకివేయుట నిషిద్ధము. ఒక గీతతో కొట్టివేసి, సరియైన అంకెను వ్రాసి, తేదీతో పొడి సంతకము చేయవలెను. తప్పు కనబడుచునే యుండును. దిద్దినవారెవరో తెలియుచునే యుండును. పాత ఫైలును నాశనము చేయుటయు ఒక్కరి ఇచ్చ కాదు. దాని తరగతిని నిర్ణయించి, గడువు ముగిసిన పిమ్మట పరిశీలించి, ఆ మీదటనే తొలగింతురు. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టము ఈ నియమమునకు శాసనబలము నిచ్చినది. చెరపుట కష్టముగా నుండుటయే ఆ పద్ధతి లోని రక్షణ.

కంప్యూటరు వచ్చి చెరపుటను వ్రాయుటకంటె సులభము చేసినది. ఈ ప్రమాదమును దానిని నిర్మించినవారు త్వరలోనే గుర్తించిరి. చేసిన పనిని వెనుకకు మరల్చు “అన్‌డూ” సౌకర్యము 1970వ దశకముననే పరిశోధనాలయములలో రూపొందినది. 1984లో ఆపిల్ వారి మెకింటాష్ తెరపై చెత్తబుట్ట బొమ్మ కనబడినది; 1995లో విండోసు తెరపై రీసైకిల్ బిన్ వెలసినది. బొమ్మ చిన్నదే గాని భావము పెద్దది. పారవేయుట యొక పని, బుట్టను ఖాళీ చేయుట మరియొక పని అని తొలగింపును రెండుగా విడదీసినది. ఇంటిలో ఇల్లాలు చెత్తబుట్టలోనుండి రేషను కార్డును వెదకి తీయుటకు వీలున్నట్లే, ఇందును వీలు కలిగినది.

“నిజముగా తొలగింపవలెనా?” అని యంత్రము ప్రశ్నించుచున్నది గదా, అది చాలదా యని కొందరనవచ్చును. చాలదు. మానవదోషములను గూర్చి విచారించిన డొనాల్డ్ నార్మన్ అను పండితుడు ఇందలి లోపమును చూపినాడు. ఆ ప్రశ్నకు “ఔను” అనువాడు తాను చేయదలచిన పనిని ధ్రువపరచుచున్నాడే గాని, తాను ఎంచుకొన్న ఫైలు సరియైనదేనా యని తిరిగి చూచుటలేదు. మెకింటాష్ పథకమును ఆరంభించిన జెఫ్ రాస్కిన్ 2000లో ప్రకటించిన తన గ్రంథమున అలవాటు యొక్క బలమును వివరించినాడు. ప్రతిసారియు అడుగబడు ప్రశ్నకు సమాధానము కూడ అలవాటులో భాగమై, చేయి తనంతట తానే “ఔను” అనును. దినమునకు ఏబది కాగితములపై సంతకము చేయు అధికారి ముందు, ఏబది యొకటవ కాగితమును పెట్టి “ఇక్కడండీ” అన్నచో జరుగునదే ఇదియు.

అందుచేత, ముందు బెదరించుటకంటె వెనుక మరలుటకు దారి యుంచుట మేలు. దీనికి ప్రతి యింటను కనబడు నిదర్శనము వాట్సప్. “అందరికీ తొలగించు” అను సౌకర్యము అందు 2017లో వచ్చినది. బంధువుల బృందములో పొరపాటున పెట్టిన సందేశమును తొందరలో తీయబోయి, “నాకు మాత్రమే తొలగించు” అను దానిని నొక్కినవాని అవస్థ యూహింపదగినది. సందేశము తనకు కనబడదు. పెదనాన్నగారి మొదలు అందరికిని కనబడుచునే యుండును! 2022 డిసెంబరులో ఆ సంస్థవారు అట్టి తొలగింపును మరల్చుకొనుటకు ఐదు సెకనుల వ్యవధి నిచ్చిరి. పొరపాటు చేసిన మరుక్షణమే మనిషికి తెలివి వచ్చునను సత్యముపై ఆ ఐదు సెకనులు నిలచియున్నవి.

పలువురు కలసి పనిచేయుచోట మరికొన్ని జాగ్రత్తలు కావలెను. గూగుల్ డాక్స్‌లో ఒకరు “అన్‌డూ” నొక్కినచో వారు చేసిన మార్పే మరలును గాని, ప్రక్కవారు వ్రాసినది పోదు. పాత ప్రతుల చరిత్ర వేరుగా నిలచియుండును. 2001లో పుట్టిన వికీపీడియాలో ఎవరైనను దిద్దవచ్చును. కాని పుటను పూర్తిగా తొలగించు అధికారము నిర్వాహకులకే కలదు, దానిని తిరిగి తెచ్చు అధికారమును వారికే కలదు. గిట్‌హబ్‌లో ఒక భాండారమును తొలగింపవలెనన్నచో దాని పేరును స్వయముగా టైపు చేయవలెను. చేయి అలవాటుగా చేయలేని పని గనుక మనస్సు మేలుకొనును. సచివాలయ ఉద్యోగులెరిగిన ఈ-ఆఫీసులో పసుపు నోటు చిత్తుప్రతి, దానిని దిద్దవచ్చును, తీసివేయవచ్చును. ఆకుపచ్చ నోటుగా స్థిరపడిన పిమ్మట అది మారదు. పాత నోటుషీటు నీతియే తెరపైకి వచ్చినది.

ఇన్ని యున్నను పొరపాటు జరుగును. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు, రెండవ యంత్రములో పనిచేయుచున్నాననుకొని, అసలు యంత్రముననే దత్తాంశమును తొలగించినాడు. క్షణములలో తప్పు గ్రహించి ఆపినాడు గాని, సుమారు 300 గిగాబైట్లలో 4.5 మాత్రమే మిగిలినవి. ప్రతులు తీయుచున్నదనుకొన్న ఏర్పాటు పనిచేయుటయే లేదని అప్పుడు బయటపడినది. అదృష్టవశమున ఆరు గంటల ముందు వేరొక పనికై తీసిన ప్రతి యొకటి దొరకినది. ఆ సంస్థవారు ఆ ఉద్యోగిని బలిచేయక, జరిగినదంతయు లోకమునకు వెల్లడించిరి. వారు తలపెట్టిన దిద్దుబాట్లలో ఏ యంత్రముపై పనిచేయుచున్నదియు తెరపై స్పష్టముగా కనబడునట్లు చేయుట యొకటి. నేర్వదగిన పాఠమిదియే.

అయినను ఏదియు ఎన్నడును చెరగరాదనుట కూడ సరికాదు. తన స్వవిషయములను తొలగింపుమని కోరుటకు వ్యక్తికి గల హక్కును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము పేర్కొనినది. కావలసినది చెరపలేని పలక కాదు. తెలిసి చెరపగల పలక.

కావున కార్యాలయమునకు గాని సంఘమునకు గాని క్రొత్త ఉమ్మడి సాధనమును ఎన్నుకొనువారు నాలుగు ప్రశ్నలు వేయవలెను. తొలగించు మీట నిత్యము వాడు మీటల సరసన నున్నదా, దూరముగా నున్నదా? తొలగింపు ఎవరెవరికి వర్తించునో అది తేటతెలుగులో చెప్పుచున్నదా? పోయినది ఎన్ని దినములవరకు తిరిగి వచ్చును? ఎవరు తేగలరు? వీనికి సమాధానము లేనిచోట, రేపు ఫోల్డరు మాయమైనప్పుడు చిన్న ఉద్యోగిని నిలదీయుట న్యాయము కాదు. బావికి పిట్టగోడ కట్టనివారు, పడినవాని చూపును నిందింపరాదు గదా!