కూలిన జైలు – నిలువవలసిన కవిలెలు
(ఓరుగల్లునందలి యొక పఠనమందిర సభలో చదివిన ప్రసంగము)



నిజాము కాలమున, 1886లో, మన పట్టణమున వెలసిన కేంద్ర కారాగారము 2021లో నేలమట్టమైనది. ఆ స్థలమున పెద్ద వైద్యశాలకు అదే యేడు జూన్ మాసమున శంకుస్థాపన జరిగినది. ఆసుపత్రి వలదనువాడెవ్వడును లేడు, నేనును అనను. కాని నూటముప్పదియైదేండ్ల జైలు పోయినపుడు దానితో ఏమేమి పోయినదని యడిగినవారు మిక్కిలి తక్కువ.

ఆ జైలు మాట వచ్చినంతనే మనము కాళోజీని, దాశరథిని తలచుకొందుము. తలచుకొనవలసినదే. కాని వారికి ముందును వెనుకను ఆ గోడలలోపల ఏండ్లు గడపిన దొంగలు, హంతకులు, ఏ నేరమును రుజువుకాని నిర్భాగ్యులు, వీరిలో ఒక్కని పేరైన మనకు తెలియునా? వట్టికోట ఆళ్వారుస్వామిగారు తాము రాజకీయ ఖైదీయై యుండియు, ‘జైలు లోపల’ కథలలో ఈ సామాన్య ఖైదీల వంకకే మన దృష్టిని మరల్చిరి. కథకుడు విడిచిన చోట చరిత్రకారుడు అందుకొనవలసియున్నది.

అందుకొన్నచో ఏమి ఫలమందురా? అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున ఆటికా యను జైలు కలదు. 1971 సెప్టెంబరులో సుమారు 1,300 మంది ఖైదీలు మంచి వైద్యము, మనుష్యులకు తగిన మర్యాద కోరి తిరుగబడిరి. అయిదవనాడు పోలీసులు తుపాకులతో జొరబడి 39 మందిని చంపిరి. అందు 10 మంది ఖైదీల చేతిలో బందీలుగా నున్న జైలు ఉద్యోగులు మొదలగువారు. ఖైదీలే బందీల గొంతులు కోసిరని అధికారులు చాటిరి. శవపరీక్షలో తేలినది తుపాకిగుండ్లే! హెదర్ ఆన్ థాంప్సన్ అను చరిత్రకారిణి పదేండ్లకు పైగా కాగితములు వెదకి ఈ యుదంతమును 2016లో గ్రంథముగా వెలువరించెను. ఆ కాగితములే చిరిగిపోయియుండిన ఆమె యేమి వ్రాయగలదు?

మన తెలుగునాట వ్యాజ్యములును తక్కువవి కావు. విశాఖపట్టణపు జైలు గోడపై విద్యుత్తీగెలు బిగించిరని అచటి నక్సలైటు ఖైదీలు సుప్రీంకోర్టు కెక్కిరి. 1974లో వారు ఓడిపోయిరి. కాని శిక్షపడినంతమాత్రమున మనిషికి ప్రాథమిక హక్కులన్నియు తొలగిపోవను మాట ఆ తీర్పులోనే యున్నది. కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబుజైలులో తమకు ప్రాణభయమున్నదని మొరపెట్టుకొన్న తండ్రీకొడుకులపై 1977లో బాంబు పడినది, తండ్రి మరణించెను. సార్వభౌమాధికారమున్న ప్రభుత్వమునకు బాధ్యత లేదని సర్కారు వాదించెను. అది చెల్లదని 2000లో తుదితీర్పు వచ్చినది. ఇరువదిమూడేండ్లు!

లెక్కలు చూడుడు. 2022 చివర దేశపు జైళ్లలో 5,73,220 మంది ఉండగా, 4,34,302 మంది ఇంకను విచారణలో నున్నవారే. జైళ్లన్నిటిలో చోటు 4,36,266 మందికి. అనగా నేరస్థుడని తేలినవానిని ఒక్కనినైన పెట్టకయే, తేలనివారితోనే నాడు జైళ్లు ఇంచుమించు నిండియుండెను. ఇంకొక విడ్డూరము: 2013 సవరణ ననుసరించి విచారణ ఖైదీ ఎన్నికలలో నిలువవచ్చును, ఓటు మాత్రము వేయరాదు!

2021 జూన్‌లో మన జైలును ఖాళీచేసి ఖైదీలను ఇతర జైళ్లకు తరలించిరి. హనుమకొండనుండి నడచిపోయి ములాఖత్ చేసికొను తల్లి నాటినుండి చర్లపల్లి దారి పట్టవలసివచ్చినది. ఒకనాటి కూలి, బస్సుచార్జి, పిదప చువ్వల వెనుక నిలిచిన కొడుకుతో నాలుగు మాటలు. ఈ వ్యయము ఏ శిక్షాస్మృతిలో వ్రాసియున్నది?

కావున ఈ సభ ఒక్క పని చేయవలెనని నా మనవి. ఆ జైలు కవిలెలు, దాఖలా రిజిస్టర్లు, దండనల పుస్తకములు, ఆసుపత్రి చీటీలు నేడు ఎచ్చట నున్నవో జైళ్లశాఖను వ్రాతమూలకముగా అడుగుదము. ఉర్దూ చదువగల పెద్దలు మన యూర ఇంకను కలరు. పాత వార్డరులు, విడుదలైన ఖైదీలు కలరు. విజ్ఞాపనము వ్రాసి తెచ్చితిని. అది ఈ బల్లపై నున్నది. చేవ్రాలు చేయువారు దయతో ముందునకు రావలెను.