‘నువ్వెవరివి?’ అని కోర్టు అడిగితే
(హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఠాణాలో దెబ్బలు తింటున్నోడు కోర్టుకు రాలేడు. చచ్చినోడు అసలే రాలేడు. మరి వాళ్ల తరఫున ఎవరు పోవాలె? పోయినోణ్ని కోర్టు అడిగే మొదటి ప్రశ్న: ‘నువ్వెవరివి? నీకేం నష్టం జరిగింది?’ దీనికి లాయర్ల భాషలో లోకస్ స్టాండీ అని పేరు. అంటే కోర్టు గడప ఎక్కే అర్హత. చిన్న సాంకేతిక విషయంలెక్క కనబడుతది గానీ ఎమర్జెన్సీల పౌరుల స్వేచ్ఛను మింగింది ఈ మాటే. 1976 ఏప్రిల్ 28న జబల్పూర్ కేసులో అయిదుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తుల్లో నలుగురు, నిర్బంధంలో ఉన్న మనిషి కోసం హేబియస్ కార్పస్ వేసే అర్హత ఎవరికీ లేదని తేల్చిన్రు. కాదన్నది జస్టిస్ ఖన్నా ఒక్కరే. ఆయనకు రావాల్సిన ప్రధాన న్యాయమూర్తి పదవి 1977లో జూనియర్‌కు పోయింది. ఆ తీర్పు తప్పని ఒప్పుకోవడానికి సుప్రీంకోర్టుకు 2017 దాకా పట్టింది.

మూసిన తలుపును తెరిచింది పత్రికా వ్యాసాలు. పత్రికలో పనిచేసేటోణ్ని, ఈ మాట చెప్పేటప్పుడు కొంచెం గర్వం ఉంటది. 1979 జనవరిలో బీహార్ జైళ్లలోని విచారణ ఖైదీల గురించి ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో వ్యాసాలు వచ్చినయ్. రాసింది ఉద్యమకారుడు కాదు, రుస్తుంజీ అనే మాజీ పోలీసు అధికారి! అవి చదివి కపిలా హింగోరాని అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు పోయింది. ఆ ఖైదీలు ఆమెకు చుట్టాలు కాదు, వకాల్తా ఇచ్చినోళ్లూ కాదు. నేరం రుజువైతే పడే శిక్షకంటే ఎక్కువ ఏండ్లు లోపల మగ్గినోళ్లు అందులో ఉన్నరు. ఆ కేసుతో వేలమంది బయటికొచ్చిన్రు.

1981లో జస్టిస్ భగవతి దీన్ని సూత్రంగా చెప్పిండు: పేదరికంతోనో నిస్సహాయతతోనో కోర్టుకు రాలేనోళ్ల తరఫున సదుద్దేశంతో ఎవరైనా రావొచ్చు, ఉత్తరం రాసినా చాలు. బొంబాయి లాకప్పుల్లో ఆడవాళ్లను కొడుతున్నరని షీలా బర్సే అనే జర్నలిస్టు రాసిన ఉత్తరం మీద 1983లో తీర్పొచ్చింది. 1988లో ఆమే ఇంకో కేసును, జైళ్లలోని పిల్లల కేసును, విసిగి వాపసు తీసుకుంటానంటే కోర్టు ఒప్పుకోలేదు. కేసు నీ సొత్తు కాదన్నది. ఆమె పేరు తీసేసి కేసు నడిపింది.

ఇగ మన దగ్గరికొద్దాం. 2009 ఫిబ్రవరిలో, పౌరహక్కుల సంఘం వేసిన కేసులో అయిదుగురు న్యాయమూర్తుల హైకోర్టు ధర్మాసనం, ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాల్సిందే, ఆత్మరక్షణ కోసమే కాల్చినమన్నది విచారణలో పోలీసులే రుజువు చేసుకోవాలన్నది. సుప్రీంకోర్టు ఆ ఏడాదే స్టే ఇచ్చింది.

2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితులను కాల్చేసిన్రు. జనం పోలీసుల మీద పూలు చల్లుతున్నరు. అదే రోజు మహిళా, హక్కుల కార్యకర్తలు ఇచ్చిన వినతిపత్రం మీద శవాలను భద్రపరచాలని హైకోర్టు ఆదేశించింది. ‘మీకేం సంబంధం?’ అని ఆ రోజు అడిగింది కోర్టు కాదు, మన ఇరుగుపొరుగే. చంపే ఉద్దేశంతోనే కాల్చిన్రని సిర్పూర్కర్ కమిషన్ 2022లో చెప్పింది.

అదే 2022 జులైలో, భద్రాచలం అవతలి గొంపాడ్‌లో 2009లో జరిగిన ఆదివాసుల హత్యల పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. బాధితుల బంధువులతో కలిసి పిటిషన్ వేసిన హిమాంశు కుమార్‌కు 5 లక్షల రూపాయల జరిమానా వేసింది. పేరు కోసం, పైసల కోసం కోర్టుకెక్కేటోళ్లు ఉన్నరు, కాదనను. కానీ సచ్చినోళ్ల సొంత మనుషులు పక్కన నిలబడ్డ కేసు ఇది! ఒకప్పుడు అర్హత లేదని ఎల్లగొట్టేది. ఇప్పుడు జేబు మీద కొడుతున్నరు. రేపు వకాల్తా పట్టుకొని ఎవడొస్తడు?

రాష్ట్రం కోసం కొట్లాడిననాడు ఠాణాల్లో రాత్రులు గడిపినోళ్లం మనం. బయట మనకోసం తిరిగినోళ్లు అందరూ మన చుట్టాలేనా?

కాబట్టి గుర్తు పెట్టుకోండ్రి. హేబియస్ కార్పస్ దోస్తు కూడా వేయొచ్చు. 1993 చట్టం 12వ సెక్షన్ కింద మానవ హక్కుల కమిషన్‌కు బాధితుని తరఫున ఎవరైనా రాయొచ్చు. కానీ ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారణ చేయదు. తీసుకపోయిన తేదీ, టైము, ఠాణా పేరు, చూసినోళ్ల పేర్లు ఆ రాత్రే కాగితం మీద పెట్టుండ్రి.