హాజరు మన హక్కు – లెక్క మన చేతిల ఉండాలె

(కల్హేర్‌లో ఉపాధి కూలీలు, మేట్లు, గ్రామ పంచాయతీ కార్మికులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించి చెప్తరేమో, ఇండ్ల గురించి చెప్తరేమో అని మీరు వచ్చి ఉంటారు. ఇయ్యాల మేము అవేవీ చెప్పడానికి రాలేదు. హాజరు గురించి చెప్పడానికి వచ్చినం. ఇంత చిన్న ముచ్చటకు సభ ఎందుకని కొందరు నవ్వొచ్చు. కానీ మన కూలి ఎక్కడ పోతున్నదో వెతుక్కుంట పోతే ఆఖరికి హాజరు పట్టీ దగ్గరనే తేలుతున్నది. అందుకే ఈ ముచ్చట.

మన తాతలు జీతం ఉన్నరు. మన దిక్కు జీతగాడు అంటే ఎవరో మీకు చెప్పనక్కర లేదు. కోడి కూయక ముందు పటేల్ కొట్టంల పెండ తీయాలె, పొద్దుగూకినంక ఎడ్లకు మేత వెయ్యాలె, రాత్రి చేను కాడ కావలి పండాలె. ఎన్ని గంటలు చేసిండో రాసినోడు లేడు. కానీ పెండ్లికి తెచ్చిన అప్పు మాత్రం రాసిండ్రు. గింజలు కొలిచింది రాసిండ్రు. జ్వరమొచ్చి నాలుగు దినాలు పండుకుంటే ఆ నాగా కూడా రాసిండ్రు. కాగితం దొరది, కలం దొరది, కింద వేలు మాత్రం మనది. మనం చేసిన పనికి లెక్క లేదు, మనం తిన్నదానికే లెక్క. అప్పు తీరక కొడుకు అదే కొట్టంల జీతం కుదిరిండు.

1976లో వెట్టి చాకిరి రద్దు చట్టం వచ్చింది. మంచిదే. కానీ చట్టం కింద వెట్టి అని రుజువు చెయ్యాలంటే, ఎన్ని దినాలు చేసినవు, ఎంత ఇచ్చిండ్రు అని అడుగుతరు. మన దగ్గర నోటి మాట తప్ప ఏమున్నది? పటేల్ దగ్గర మాత్రం పుస్తకమున్నది. పుస్తకం ఉన్నోడు గెలిచిండు.

గంటల లెక్క కోసం కొట్లాడినోళ్ళు లోకంలో చానా మంది ఉన్నరు. 1886 మే 1న అమెరికాలో కార్మికులు ఎనిమిది గంటల పని కోసం సమ్మె కట్టిండ్రు, చికాగోలో నెత్తురు కారింది. బొంబాయి మిల్లుల్లో వారానికి ఒక్క దినం కూడా సెలవు లేకుండె. మహాత్మా ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ఏండ్ల తరబడి కొట్లాడితే 1890లో ఆదివారం సెలవు వచ్చింది. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిండు. ఆ కాలంలోనే ఫ్యాక్టరీ కార్మికుల పని వారానికి 54 గంటల నుంచి 48 గంటలకు తగ్గిస్తూ 1946లో చట్టం సవరించిండ్రు.

అయితే ఒక్కటి ఆలోచించుండ్రి. ఎనిమిది గంటలు అని చట్టంలో రాసి ఉంటే సరిపోదు. నువ్వు ఎప్పుడు వచ్చినవు, ఎప్పుడు పోయినవు అని ఎక్కడన్నా రాసి ఉండాలె. రాయనిదాన్ని తొమ్మిదో గంట అని ఎట్లంటవు? హాజరు లేని చోట ఎనిమిది గంటల చట్టం ఉత్త కాగితమే.

ఇగ ఉపాధి పని ముచ్చటకు వస్తం. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలు పెట్టిండ్రు. మొదటి విడతలోనే మన పాత మెదక్ జిల్లా కూడా ఉండె. అప్పుడు హాజరు కాగితం మస్టర్ మీద. ఆ కాగితం ఎట్ల నడిచిందో మనకు ఎరుకనే. పట్నం పోయినోని పేరు మస్టర్‌లో ఉంటది. చచ్చిపోయినోని పేరు ఉంటది. తట్ట ముట్టనోళ్ళ పేర్లు ఉంటయి. తట్ట మోసిన లచ్చవ్వ పేరు మాత్రం ఉండదు. ఊర్లల్ల సామాజిక తనిఖీ పెట్టినప్పుడు ఇవన్నీ బయట పడ్డయి. గ్రామసభలో మస్టర్ చదివి వినిపిస్తుంటే "నేను ఆ వారం పనికే పోలే" అని మనోళ్ళే లేచి చెప్పిండ్రు.

తర్వాత ఫోన్ వచ్చింది. 2021 మే నెలలో కేంద్ర సర్కారు ఎన్‌ఎంఎంఎస్ అనే హాజరు యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని సామూహిక పనుల మీద ఇది తప్పనిసరి అన్నరు. పొద్దున ఒక ఫోటో, నాలుగు గంటల తర్వాత ఇంకొక ఫోటో. ఫోటోతో పాటు అది ఏ జాగలో తీసిందో, ఏ టైముకు తీసిందో కూడా ఎక్కుతది.

దీంతో కష్టాలు లేవని మేము అనం. ఉన్నయి. గుట్ట కింద సిగ్నల్ ఉండదు. మేటు చేతిల ఉన్న ఫోన్ ఆమె సొంత ఫోన్, రీచార్జి ఆమె సొంతం. పని పది గంటలకే ఒడిసినా రెండో ఫోటో కోసం ఆడోళ్ళు ఎండల కూసోవాలె. ఫోటో ఎక్కకపోతే ఆ దినం కూలి గంగల కలుస్తది. మేము తిరిగిన ఒక ఊర్లె ఒక అక్కకు ఆరు దినాల కూలి ఇట్లనే పోయింది. తట్ట మోసింది నిజం, చెమట కారింది నిజం, ఫోన్‌లో లేదు కాబట్టి పనే చెయ్యలేదన్నరు. 2023 ఫిబ్రవరి నుంచి దేశం నలుమూలల కూలీలు ఢిల్లీ జంతర్ మంతర్ కాడ వంద దినాల ధర్నాకు కూసున్నది ఉత్తగనే కాదు.

మరి అట్లయితే ఫోన్ వద్దు అందామా? ఇక్కడనే మనం ఆగి ఆలోచించాలె. ఫోన్ పోతే హాజరు ఎవరి చేతికి పోతది? మళ్ళ కాగితం ఉన్నోని చేతికే పోతది. కాగితం రాసేటోడు ఏ వాడకట్టు నుంచి వచ్చిండో మనకు తెలుసు. ఫోన్‌కు కులం లేదు అని మేము అనం, ఫోన్ పట్టిన చేతికి కులం ఉంటది. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు ఒక ఉత్తరం రాసింది. పనికి సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నరు, ఫోటోకే ఫోటో తీసి పెడుతున్నరు, ఒకే మనిషి రెండు మస్టర్లలో కనబడుతున్నడు, పొద్దున ఉన్నోళ్ళు వేరు, మాపున ఉన్నోళ్ళు వేరు అని అందులో రాసిండ్రు. అంటే ఏమన్నట్టు? కాగితంతో దొంగతనం చేసినోడు ఫోన్‌తో కూడా చేస్తడు. అందుకే ఫోన్ మంచిదా చెడ్డదా అనే దగ్గర మనం ఆగొద్దు. ఫోన్‌లో ఎక్కిన లెక్క మన కంటికి కనబడుతున్నదా లేదా? అడగాల్సింది ఇది.

2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం జాగలో వేరే చట్టం చేసింది. వంద దినాలకు బదులు 125 దినాలు అన్నరు. ఆ చట్టం మీద మనకు చానా అనుమానాలు ఉన్నయి, ఆ ముచ్చట ఇంకో దినం పెట్టుకుందాం. కానీ పథకం పేరు మారితే ఫోన్ హాజరు పోతదని ఎవరూ అనుకోవద్దు. వేలిముద్ర, ముఖం గుర్తుపట్టే మిషన్, ఇవి ఇంకా ఎక్కువైతయి. మనం నేర్చుకోకపోతే నేర్చుకున్నోడు మన పేరు మీద బతుకుతడు.

ఇగ పంచాయతీ కార్మికుల సంగతి. ఊరు నిద్ర లేవక ముందు మోరి తీసేది మనోళ్ళు. నీళ్ళు ఇడిసేది, చెత్త బండి నడిపేది, బుగ్గలు ఏసేది మనోళ్ళు. 2019లో జీవో 51 తెచ్చి మల్టీపర్పస్ అని పేరు పెట్టిండ్రు. అంటే ఊడ్చేటోడే ట్రాక్టర్ నడపాలె, ట్రాక్టర్ నడిపేటోడే మోరీల దిగాలె. నెలకు 8,500 అన్నరు, తర్వాత 9,500 చేసిండ్రు. పొద్దున అయిదింటికి వచ్చి, రాత్రి మోటర్ బంద్ చేసి ఇంటికి పోయేదాకా ఎన్ని గంటలైతున్నయి? పండుగ పూట, జాతర పూట ఎంత చేస్తున్నరు? ఎవరన్నా రాస్తున్నరా? రాయనప్పుడు "పొద్దున రెండు గంటలే గదా మీ పని" అని సర్పంచ్ ఇంటి ముందు మాట పడాల్సి వస్తున్నది. మా తాత జీతం ఉన్నప్పుడు గంటల లెక్క లేకుండె. పంచాయతీలో చేరిన మనవనికి కూడా లెక్క లేకపోతే ఏం మారినట్టు?

అందుకే పంచాయతీ కార్మికులకు మేము గట్టిగ చెప్తున్నం. మీకు హాజరు యాప్ పెడుతమంటే భయపడొద్దు. "పెట్టుండ్రి, కానీ వచ్చిన టైముతో పాటు పోయిన టైము కూడా ఎక్కాలె" అనుండ్రి. వచ్చింది ఒక్కటే ఎక్కితే అది మీ మీద నిఘా. పోయింది కూడా ఎక్కితే అది మీ చేతిల సాక్ష్యం. 2025 ఆగస్టు నుంచి సర్కారు బడులల్ల పంతుళ్ళకు కూడా ముఖం చూసి హాజరు ఎక్కే పద్ధతి పెట్టిండ్రు. పంతులు టైముకు వస్తే లాభపడేది ఎవరి పిల్లలు? కాన్వెంటుకు పోలేని మన వాడ పిల్లలు. మరి పంతులుకు లెక్క మంచిదైనప్పుడు మనకు ఎట్ల చెడ్డదైతది?

చెరకు నరకను పోయేటోళ్ళు, తండాల నుంచి వచ్చిన అన్నలు ఇక్కడ ఉన్నరు. మీకు ఫోన్ హాజరు లేదు, మస్టర్ లేదు. ముందుగాల అడ్వాన్సు, తర్వాత టన్నుల లెక్క. ఆ లెక్క మేస్త్రీ జేబుల ఉంటది. సీజన్ ఒడిసినంక "ఇంకా నువ్వే బాకీ" అంటడు. మీకైతే లెక్క ఇంకా అవసరం. వేతనాల కోడ్ అనే చట్టం 2025 నవంబర్ 21 నుంచి అమలుకు వచ్చింది. కూలి ఇయ్యలేదని కేసు వేస్తే, ఇచ్చిన్నని రుజువు చేసే భారం యజమాని మీద పెట్టింది. మంచి మాటనే. కానీ ఇన్ని దినాలు చేసిన అని ముందుగాల మనం చూపెట్టాలె గదా. అందుకు లెక్క కావాలె.

మేట్లకు, చదువుకున్న తమ్ముళ్ళకు, చెల్లెండ్లకు ఒక మాట. మీ చేతిల ఉన్న ఫోన్ మా అందరి కూలి. 2020లో సమ్మె చేసిన్రని ఏడువేల మందికి పైన ఫీల్డ్ అసిస్టెంట్లను తీసేసిన్రు, 2022లో మళ్ళ తీసుకున్నరు. కొలువు ఎంత పలుచనిదో మీకు ఎరుకే. పైనుంచి ఒత్తిడి ఉంటదని మాకు తెలుసు. అయినా చెప్తున్నం: రాని మనిషిని వచ్చినట్టు ఎక్కియ్యొద్దు, వచ్చిన మనిషిని ఒదిలిపెట్టొద్దు. పేదోని కూలి తిన్న పేదోన్ని మన వాడ క్షమించదు.

ఇగ మనం చేయాల్సిన పనులు. ఇంటికి పోయినంక మర్చిపోకుండ్రి.

ఒకటి: ఇంటికొక నోటుబుక్కు. తారీకు, పని జాగ, వచ్చిన టైము, పోయిన టైము. చదువు రానోళ్ళు బడికి పోయే బిడ్డతోని రాయించుండ్రి. పదిమంది గుంపుకు ఒక బుక్కు అయినా సరే.

రెండు: ఫోటో తీసినంక మేటును అడుగుండ్రి, "అక్కా, నా పేరు ఎక్కిందా? చూపియ్యి" అని. అడుగుడు తప్పు కాదు, మన హక్కు.

మూడు: సిగ్నల్ లేక ఎక్కని దినం ఊరుకోవద్దు. ఆ దినమే కాగితం రాసి, అందరు సంతకాలు, వేలిముద్రలు పెట్టి పంచాయతీ సెక్రటరీకి, మండలంల అధికారులకు ఇచ్చి రసీదు తీసుకోండ్రి.

నాలుగు: వారానికొకసారి మన బుక్కు, ఆన్‌లైన్ మస్టర్ పక్కపక్కన పెట్టి చూడాలె. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణకు దినం కూలి 307 రూపాయలు అని ఖరారు చేసిండ్రు. బ్యాంకుల తక్కువ పడితే హాజరు తగ్గిందా, కొలత తగ్గిందా అని విడదీసి అడగాలె. రెండూ కలిపి అడిగితే వాళ్ళు ఒకదాని మీద ఒకటి నెట్టి తప్పించుకుంటరు.

అయిదు: పంచాయతీ కార్మికులు నెల చివర గంటల లెక్క తీసి, అందరు కలిసి ఎంపీడీఓకు ఇయ్యాలె. ఒక్కడు ఇస్తే పని పోతది. అందరు ఇస్తే లెక్క అయితది.

అధికారులకు కూడా ఇక్కడి నుంచే చెప్తున్నం. హాజరు తీసుకోండ్రి, మేము వద్దనం. కానీ మేటుకు ఫోన్ ఖర్చు ఇయ్యాలె. మిషన్ పని చెయ్యని దినం కాగితం హాజరు చెల్లాలె. ఎక్కిన హాజరు వారం వారం పంచాయతీ గోడ మీద తెలుగుల అంటియ్యాలె. తప్పు మిషన్‌దైతే కోత కూలీ మీద పడొద్దు. మా ఫోటోలు కూలి లెక్కకు తప్ప ఇంకో దానికి వాడొద్దు.

అన్నలారా, అక్కలారా! మన తాతలు పుస్తకం చూసి భయపడ్డరు, ఎందుకంటే ఆ పుస్తకం దొర చేతిల ఉండె. మనం ఫోన్ చూసి భయపడొద్దు, దాన్ని మన చేతిలకు తెచ్చుకోవాలె. వచ్చే పదిహేను దినాలకు మళ్ళ ఇక్కడనే కూసుందాం. ఆ దినం ఉపన్యాసాలు వద్దు. ఎవరి నోటుబుక్కు వాళ్ళు పట్టుకొని రాండ్రి, లెక్కలు చూసుకుందాం.

జై భీమ్!