వెల కట్టిన వ్యాసానికే మళ్లీ వెలా?

(రఘునాథపల్లిలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను భౌతికశాస్త్రం చదివినవాడిని కాను. డిగ్రీ పూర్తిచేసి, ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, ఫైళ్ల మధ్యనే పదవీ విరమణ పొందాను. అటువంటివాడు భౌతికశాస్త్ర పరిశోధనకు కావలసిన గ్రంథాలు, పత్రికలు ఎక్కడ దొరుకుతాయో చెప్పడానికి నిలబడటం మీకు వింతగా తోచవచ్చు. ఇందుకు కారణం మా వీధిలోని ఒక అమ్మాయి.

ఆమె ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పిహెచ్‌డి చేస్తున్నది. లోహ ఆక్సైడ్ల పలుచని పొరలు ఆమె పరిశోధనాంశం. కిందటి వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. "చాచా, ఈ ఒక్క వ్యాసానికి 40 డాలర్లు అడుగుతున్నారు. ఇటువంటివి వందైనా చదవాలి" అన్నది. మన లెక్కలో అది మూడు వేలకు పైమాటే. వాళ్ల అబ్బాకు సైకిళ్ల మరమ్మతు దుకాణం. ఇంట్లో అప్పటికే "ఇక చాలు, బి.ఇడి. చేసుకో" అన్న మాట నడుస్తున్నది. మైనారిటీ పరిశోధక విద్యార్థుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి నిలిపివేసిన సంగతి మీ అందరికీ తెలుసు. ఆ అన్యాయం గురించి మనం మాట్లాడుతూనే ఉండాలి. అయితే ఆ సాయంత్రం నాకు తోచిన ప్రశ్న వేరు. ఈ వ్యాసానికి అసలు డబ్బు కట్టవలసిందేనా?

అక్కరలేదని తెలుసుకోవడానికి మా ఇద్దరికీ రెండు రోజులు పట్టింది.

కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" పథకాన్ని ఆమోదించింది. 2025 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పరిశోధన పత్రికలను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల విద్యార్థులు ఉచితంగా చదువుకోవచ్చు. మన అమ్మాయి వెతుకుతున్న వ్యాసం ఆ పత్రికల్లోనిదే! విశ్వవిద్యాలయ ఆవరణలో తెరిస్తే తెరుచుకునేది. ఇంటి నుంచి తెరిచింది కాబట్టి ఆ తలుపు ఆమెను గుర్తుపట్టలేదు. ఇంటి నుంచి చదవడానికి "ఇన్‌ఫెడ్" అనే ఏర్పాటు ఉన్నది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ దానిని నడుపుతుంది. విద్యాసంస్థ ద్వారా అందులో పేరు నమోదు కావాలి. ఆ విషయం ఆమె ఎవరినీ అడగలేదు. అడగడానికి మొహమాటపడ్డది. ప్రభుత్వం ముందే వెల కట్టిన వ్యాసానికి మేము మళ్లీ వెల కట్టబోయామన్నమాట.

ఇక్కడ నా వృత్తి అనుభవం ఒకటి చెప్పాలి. నోటితో అడిగినవాడి పని అధికారి బల్ల దాకా పోదు. కాగితం మీద అడిగితే దానికి ఇన్‌వర్డ్ నంబరు పడుతుంది. కనుక ఆమెతో గ్రంథాలయాధికారికి నాలుగు వాక్యాల అర్జీ రాయించాను. పరిశోధనాంశం, నమోదు సంఖ్య, కావలసిన సౌకర్యం, తేదీ. అంతే. సెలవులు ముగియకముందే ఇంటి నుంచి చదవడం మొదలుపెట్టింది.

ప్రైవేటు కళాశాలల పిల్లలకు ఈ పథకం ఇంకా అందలేదు. వారు నిరాశపడనక్కరలేదు. భౌతికశాస్త్రానికి ఒక అదృష్టం ఉన్నది. 1991లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో పాల్ గిన్స్‌పార్గ్ అనే భౌతికశాస్త్రవేత్త "ఆర్కైవ్" అనే భాండాగారాన్ని ప్రారంభించాడు. ఆంగ్లంలో ఆ పేరు నడుమ ఎక్స్ అక్షరం ఉంటుంది. తరువాత అది కార్నెల్ విశ్వవిద్యాలయానికి మారింది. శాస్త్రవేత్తలు తమ వ్యాసాలను పత్రికలో అచ్చుకాకముందే అందులో ఉంచుతారు. అలా చేరినవి 20 లక్షలు దాటాయి. ఎవరైనా పైసా చెల్లించకుండా చదువుకోవచ్చు. ఒక్క జాగ్రత్త అవసరం. అందులో ఉన్నంత మాత్రాన ఆ వ్యాసాన్ని తోటి శాస్త్రజ్ఞులు పరిశీలించి ఆమోదించినట్టు కాదు. అది తరువాత ఏ పత్రికలో వచ్చిందో చూసుకోవాలి.

ప్రయోగాలకు సంబంధించిన వ్యాసాలు కొన్ని అందులో కనబడకపోవచ్చు. అప్పుడు గూగుల్ స్కాలర్‌లో వ్యాసం పేరు వెతికి, దాని కింద "ఆల్ వర్షన్స్" అన్నచోట నొక్కితే రచయిత తన సంస్థ వద్ద ఉంచిన ప్రతి ఒక్కోసారి బయటపడుతుంది. అదీ లేకపోతే రచయితకే మర్యాదగా ఉత్తరం రాయాలి. ఒక వ్యాసం కోసం మన అమ్మాయి ఇలాగే రాస్తే మూడో రోజున ప్రతి వచ్చింది. తన వ్యాసాన్ని ఎక్కడో ఒక ఊరిలో ఒకరు చదువుతున్నారంటే సంతోషించని రచయిత ఉంటాడా?

మన దేశపు పత్రికలను మరువకండి. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 1973 నుంచి వెలువరిస్తున్న "ప్రమాణ" భౌతికశాస్త్ర పత్రికే. అకాడమీ వెబ్‌సైటులో దానిని ఉచితంగా చదవవచ్చు. సిద్ధాంత గ్రంథాల కోసం "శోధ్‌గంగ" ఉన్నది. కొత్తగా చేరిన విద్యార్థి తన అంశంపై లోగడ వచ్చిన రెండు మూడు థీసిస్‌ల చివర ఉన్న గ్రంథసూచిక చూస్తే, ఏం చదవాలో సగం తెలిసిపోతుంది.

ఇక పెద్దలకు ఒక మాట. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. పిల్లలను ఒకసారి తీసుకువెళ్లి చూపించండి. అయితే పరిశోధన పత్రికల కోసం ఇక్కడి నుంచి అంతదూరం పోనక్కరలేదు. ఇంటర్నెట్ ఉన్న ఒక కంప్యూటరు, రాత్రి ఎనిమిది దాకా ఆడపిల్లలు నిశ్చింతగా కూర్చోగల ఒక గది, ఈ రెండూ దగ్గరలోని శాఖా గ్రంథాలయంలో ఉంటే చాలు. ఇది దానం అడగడం కాదు. ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనం కడుతూనే ఉన్నాం. రశీదులు తీసి చూసుకోండి.

ఆ ఇంట్లో బి.ఇడి. మాట ఇంకా పూర్తిగా పోలేదు. అమ్మాయి మాత్రం ప్రస్తుతం నలభై ఏడో వ్యాసం చదువుతున్నది.

జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వవలసిన అర్జీ రాసి తెచ్చాను. రెండు ప్రతులు ఉన్నాయి. ఒకటి వారికి, రెండోది వారి ముద్ర వేయించుకుని మన దగ్గర ఉంచుకోవడానికి. సంతకాలు చేసేవారు ఇంటి నంబరు కూడా రాయండి.