రేకు రైలుబండ్లు

గుంతకల్లు నుండి ధర్మవరము, పెనుగొండల మీదుగా హిందూపురమునకు వచ్చు రైలుమార్గము 1893లో ప్రారంభమైనది. సదరన్ మరాఠా రైల్వేవారు నడపిన ఈ మార్గము మీటరు గేజిది. అనగా రెండు పట్టాల నడిమి దూరము ఒక మీటరు. ఇరువదవ శతాబ్ది చివరి భాగమున ఆ పట్టాలను తీసి 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి పట్టాలు వేసిరి. ఆనాటి చిన్నబండి ఈ దారిని విడిచిపోయినది. దానికంటెను చిన్నవగు బండ్లు మరికొన్ని కలవు. అవి ఇంటి నేలమీద, రెండు వ్రేళ్ల వెడల్పు గల పట్టాలపై తిరుగును. రేకుతో చేసిన ఆ బొమ్మరైళ్లను సేకరించుట, బాగుచేయుట, నడపుట అను మూడు పనులను గూర్చి శ్రోతలకు విన్నవింపదలచితిమి.

మేము హిందూపురము, పెనుగొండ, ధర్మవరములయందు నివసించు కొద్దిమందిమి. ఒకరియొద్ద పట్టాలున్నవి, ఒకరియొద్ద పనిముట్లున్నవి, ఒకరికి గడియారపు పని తెలియును. మువ్వురి సొత్తును ఒకచోట చేర్చిననే గాని మా బండి కదలదు.

ఈ బొమ్మలకు వాడు రేకు వట్టి ఇనుపరేకు కాదు. పలుచని ఉక్కురేకుపై తగరము పూసినది. ఇత్తడిగిన్నెలకు కళాయి వేయించుట మన ఇండ్లలో ఎల్లరెరిగినదే. ఆ కళాయి తగరమే. గిన్నెలోని పులుసు చిలుమెక్కకుండ కాపాడు లోహమే బొమ్మను త్రుప్పునుండి కాపాడుచున్నది. పెక్కు బొమ్మలలో, రేకు చదునుగా నున్నప్పుడే దానిపై కిటికీలను, తలుపులను, మేకుల తలలను సైతము రంగులలో అచ్చువేయుదురు. పిమ్మట కోసి, వంచి, ఒక అంచుననున్న చిన్న నాలుకలను వేరొక అంచుననున్న చీలికలలో దూర్చి మడతపెట్టుదురు. మరమేకు అవసరము లేకయే పెట్టె నిలుచును.

1891లో జర్మనీలోని లైప్‌జిగ్ సంతయందు మెర్‌క్లిన్ కంపెనీవారు కీ యిచ్చిన నడచు బండిని, ఎనిమిది అంకెవలె అమర్చిన పట్టాలను ప్రదర్శించిరి. పట్టాల వెడల్పులను అంకెలతో గుర్తించు పద్ధతిని నెలకొల్పినవారును వారే. అందు 32 మిల్లీమీటర్ల వెడల్పునకు సున్నా గేజి యని పేరు. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున ఫ్రాంక్ హార్న్‌బీ అను నాతడు 1901లో మెకానో ఆటసామగ్రికి పేటెంటు పొందెను. 1920లో సున్నా గేజి రైలును వెలువరించెను. ఆయన తొలి ఇంజనులు మెకానో పద్ధతిననే మరమేకులతో విప్పి బిగించుకొనునట్లుండెడివి. ఆయన 1936లో మరణించెను. 1938లో అంతకు సగము వెడల్పు గల డబ్లో బండ్లు వచ్చినవి. 1964లో ఆ సంస్థ ఇతరుల వశమైనది. 1979లో లివర్‌పూల్ ఫ్యాక్టరీయే మూతపడినది. కావున ఆ రేకు బండ్లలో మిగిలినవానిని కాపాడుకొనుటయే గాని క్రొత్తగా ఆ చోటినుండి వచ్చునవి లేవు.

పాతబండి చేతికి రాగానే కీ త్రిప్పి చూడవలెనని మనసు తొందరపడును. అట్లు చేయరాదు. ముందుగా చూడవలెను. అచ్చువేసిన రంగుపై గరుకుకాగితము తగిలినచో త్రుప్పుతోపాటు బొమ్మయు పోవును. మెత్తని గుడ్డకు ఒక చుక్క పలుచని నూనె అద్ది, కంటబడని మూలలో మొదట పరీక్షించి, పిమ్మట తక్కినచోట్ల మెల్లగా తుడువవలెను. పాతరంగులలో సీసముండుట కలదు. ఆ రంగును పొడిగా గీకి దుమ్ము లేపరాదు; పని ముగిసిన వెంటనే చేతులు కడుగుకొనవలెను; పసిపిల్లలు నోట పెట్టుకొనకుండ చూడవలెను.

కీ యంత్రములోని స్ప్రింగు పొడవైన ఉక్కుపట్టీ. అది చుట్టుకొనియుండగా యంత్రపు పలకలను ఊడదీసినచో ఒక్కపెట్టున విడివడి వ్రేళ్లను కోయును. కావున దానిని పూర్తిగా వదులుచేసిన పిమ్మటనే విప్పవలెను. గట్టిపడిన పాతజిడ్డును కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి, ఇరుసులకు ఒక్కొక్క చుక్క నూనె వేసిన చాలును. ఎక్కువ నూనె దుమ్మును పిలుచును.

చక్రముల సంగతి వేరు. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు పోతపోసిన చక్రములు కొన్ని జింకు ప్రధానముగా గల మిశ్రలోహపువి. అందు సీసము వంటి మాలిన్యము లేశమాత్రము కలిసినను, ఏండ్లు గడచినకొలది లోలోపల ఉబ్బి, పగిలి, తుదకు పొడియగును. ఈ వ్యాధికి మందు లేదు. క్రొత్త చక్రములు వేయవలసినదే. పాతవానిని మాత్రము పారవేయక చీటి కట్టి దాచవలెను. ఇక రేకు నాలుక విరిగినచోట మాటు వేయవచ్చును గాని, వేడి తగిలిన మేర అచ్చురంగు మాడును. అందుచే చుట్టును తడిగుడ్డ కప్పి, క్షణములో పని ముగింపవలెను.

విద్యుత్తుతో నడచు బండ్లలో 1925లో హార్న్‌బీవారు వెలువరించిన మెట్రోపాలిటన్ బండి ఇంటి కరెంటును దీపము గుండా నేరుగా పట్టాలకు తెచ్చునది. అట్టిదానిని చూచి ఆనందింపవలెనే గాని ఆ పద్ధతిని నడుపరాదు. తరువాతి కాలమున ట్రాన్స్‌ఫార్మరుతో ఇరువది వోల్టులకు తగ్గించి నడపునవి వచ్చినవి. వానికైనను పాత తీగలపై తొడుగు చీలియున్నచో మార్చిన పిమ్మటనే కరెంటు ఇవ్వవలెను.

ఇంతవరకును మాలో భేదము లేదు. రంగు దగ్గరనే వాదము పుట్టినది. ఒక ఇంజనుకు ప్రక్కభాగమున, కీ పెట్టు రంధ్రము చెంత, రంగు పూర్తిగా అరిగి తెల్లని తగరము మెరయుచుండెను. మాలో ఒకరు దానికి క్రొత్తగా నల్లరంగు వేసి, మన మార్గమును ఒకప్పుడు నడపిన కంపెనీ పేరు వ్రాయింపవలెననిరి. మన ఊళ్లలో నడచు బొమ్మకు మన బండి పేరుండుట న్యాయమే గదా యని వారి మాట. వేరొకరు సమ్మతింపలేదు. ఏ పిల్లవాడో ఎడమచేత ఇంజనును పట్టి కుడిచేత కీ యిచ్చుచు ఏండ్ల తరబడి ఆడుకొనినందున ఆ రంగు అరిగినది. ఆ అరుగుదల ఆ బిడ్డ వ్రాసిన చరిత్ర. దానిపై మనము రంగు పూసిన యెడల ఇంజను క్రొత్తదియు కాదు, పాతదియు కాదు అని వారి వాదము.

వాదము తీర్చినది కొలతబద్ద. 32 మిల్లీమీటర్ల పట్టాలపై ఈ బొమ్మలు చూపునది 1,435 మిల్లీమీటర్ల ఇంగ్లండు మార్గమును. అనగా నిజమైన బండిలో సుమారు 45వ వంతు. మన మీటరు గేజి బండిని ఆ పట్టాలమీదనే నిలుపవలెనన్నచో 31వ వంతున చేయవలెను. రెండున్నర మీటర్ల వెడల్పు గల పెట్టె ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పగును. కావున లివర్‌పూల్ ఇంజనుపై మన పేరు వ్రాసినంత మాత్రమున అది మన బండి కానేరదు. మన బండి కావలెనన్న మనమే చేసికొనవలెను.

అందుచే ఆ ఇంజనును తుడిచి, నూనె వేసి, అరిగిన రంగును అరిగినట్లే ఉంచితిమి. నూనెడబ్బాల రేకును కోసి, నాలుకలు చీలికలతోనే కూర్చి, 31వ వంతు కొలతను ఒక సామానుపెట్టెను చేయ మొదలిడితిమి. రంగు వేయవలెనను మా మిత్రుని కోరిక దానిమీద నిరాఘాటముగా తీరును. మైసూరులో 1979లో ఏర్పడిన రైలు మ్యూజియమును చూచినచో, కనుమరుగైన మీటరు గేజి ఆకారము కన్నులకు కట్టును. బాగుచేయుటకును మార్చివేయుటకును గల హద్దు ఇదియే: పాతవస్తువునకు చేసిన పని మరల తీసివేయుటకు వీలుగా నుండవలెను, తీయరాని మన ముచ్చటలను క్రొత్తవస్తువుపై తీర్చుకొనవలెను.

నడపుట మానరాదు. రెండడుగుల వ్యాసార్ధపు వలయమునకు నాలుగడుగులకు కొంచెము మించిన చదునైన నేల చాలును. కీ తుదిదాక బిగింపక, నాలుగైదు చుట్లు తిరిగిన పిమ్మట ఇంజనుకు విశ్రాంతి యిచ్చినచో స్ప్రింగు చాలకాలము నిలుచును. అలమారులో కదలక నిలిచిన బొమ్మకు జిడ్డు గట్టిపడును. దానిని నడపు విద్య ఇంటి పిల్లలకు అందదు.

పండుగకు ఇల్లు దులుపునపుడు అటకమీది రేకు సామాను దిగును. పాత సామానువానికి తూచి ఇచ్చుటకు ముందు అడుగుభాగమును ఒకమారు తిప్పి చూడుడు. అంచున మడిచిన చిన్న నాలుకలు గాని, ప్రక్కన కీ పెట్టు రంధ్రము గాని, తయారుచేసినవారి పేరు గాని కనబడినచో దానిని మెత్తని గుడ్డలో చుట్టి ప్రక్కన పెట్టుడు. మిగిలిన పని తీరికగా చేయవచ్చును.