పటములో కన్ను

మా యింట గోడమీద ఒక పటము కలదు. మా మేనత్తగారు పెరటి వసారాలో కూర్చుండగా మేము తీసినది. ఆమె పటమునకు కుడిప్రక్కన ఉండవలెననియు, ఎడమప్రక్క వెనుకగా ఆమె నిత్యము నీరు పోసిన తులసికోట కనబడవలెననియు మా కోరిక. ఆమె ముఖమును కొంచెము తులసికోటవైపు త్రిప్పి కూర్చుండిరి. కెమెరాను ట్రైపాడుమీద నిలిపితిమి. మధ్యనున్న గుర్తును ఆమె కంటిమీదికి తెచ్చి ఫోకసు చేసితిమి. పిమ్మట కెమెరాను తులసికోటవైపునకు త్రిప్పి, బిగించి, మీట నొక్కితిమి.

పటమును పెద్దది చేయించి చూడగా, ఆమె చెవికమ్మల రాళ్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చును. కన్నులు మాత్రము మసకగా నున్నవి. మరల తీయుదమని అనుకొంటిమి. ఆ యవకాశము రాలేదు. మరుసటి సంవత్సరము ఆమె గతించిరి. తప్పు కెమెరాది కాదు, మాదే. అది ఎట్లు జరిగినదో గ్రహించుటకు మాకు కొంత కాలము పట్టినది. శ్రోతలకు అట్టి విచారము కలుగకుండుటకై ఆ సంగతిని నేడు మనవి చేయుచున్నాము.

గుంజకు కట్టిన పశువు త్రాడు పొడవున గుండ్రముగా తిరుగును. ఎటు తిరిగినను గుంజకును దానికిని నడిమి దూరము మారదు. కెమెరా విషయమును అట్టిదే యని మనము భావింతుము. కంటివరకు దూరము ఒకసారి కుదిరినచో, కెమెరాను ఎటు త్రిప్పినను చెడదనుకొందుము. కాని లెన్సు లెక్క వేరు. స్పష్టముగా కనబడు స్థలము కెమెరా చుట్టును గీచిన గిరి వంటిది కాదు. కెమెరాకు ఎదురుగా నిలిపిన గోడ వంటిది. కెమెరా తిరిగినప్పుడు ఆ గోడయు దానితోకూడ తిరుగును. కూర్చున్నవారు కదలకున్నను, గోడ వారి కంటిని విడిచి వెనుకకు పోవును. ట్రైపాడు కెమెరాను వణకకుండ పట్టగలదు గాని, ఈ గోడను పట్టలేదు.

ఎంత వెనుకకు పోవును? ఒక మీటరు దూరమున ఫోకసు చేసి కెమెరాను 15 డిగ్రీలు త్రిప్పినచో సుమారు 3.4 సెంటీమీటర్లు. ఇది స్వల్పముగా తోచవచ్చును. ఐతే 35 మిల్లీమీటర్ల ఫిల్ము కొలతగల కెమెరాలో, 50 మిల్లీమీటర్ల లెన్సును 1.4 వరకు తెరచినప్పుడు, ఆ దూరమున స్పష్టముగా వచ్చు మందము ముందువెనుకలు కలిపి సుమారు మూడున్నర సెంటీమీటర్లే. అందులో సగము గోడకు ఇవతల, సగము అవతల. కావున కన్ను ఆ మందమును దాటి బయటపడును. ముఖము ప్రక్కకు తిరిగియున్నచో కణతయో చెవియో ఆ చోటికి వచ్చును. మా మేనత్తగారి కమ్మలు మెరయుటకు కారణ మిదియే. లెన్సును 4 వరకు మూసినచో మందము తొమ్మిది పది సెంటీమీటర్లగును, తప్పు దాగును. కాని అదే వెలుతురులో షట్టరు ఎనిమిది రెట్ల కాలము తెరచియుండవలెను. కెమెరా కదలదు, మనిషి కదలును.

పూర్వపు స్టూడియోలలో ఈ చిక్కు లేకుండెను. నల్లగుడ్డ క్రింద తలదూర్చిన ఫోటోగ్రాఫరు గరుకు గాజుపలకమీద తలక్రిందులుగా పడిన బొమ్మను చూచెడివాడు. ముందుగా బొమ్మను తాను కోరినట్లు అమర్చుకొని, కన్ను పలకమీద ఏ మూలనున్న ఆ మూలనే భూతద్దముంచి ఫోకసు చేసెడివాడు. పిమ్మట కెమెరాను త్రిప్పు పని లేదు. ఫోకసు సరిచూచు గుర్తు నడుమ మాత్రమే యున్న చేతి కెమెరాలు వచ్చిన పిదప, ముందు నడుమ గురిచూచి తరువాత త్రిప్పు అలవాటు మనకు పట్టినది. చేతి కెమెరా అలవాటును ట్రైపాడుమీదికిని తెచ్చుకొంటిమి.

కావున క్రమమును తారుమారు చేయవలెను. మొదట పటమును అమర్చి ట్రైపాడు తలను బిగింపుడు. ఆ తరువాతనే ఫోకసు. నేటి కెమెరాలు పెక్కింటిలో ఫోకసు గుర్తును కన్నున్న చోటికే జరుపవచ్చును. కంటిని తానే గుర్తించు ఏర్పాటు కొన్నిట కలదు. ఐనను అది కంటద్దముల చట్రముమీద నిలిచి మోసగింపవచ్చును. అందుచేత వెనుక తెరమీద కంటి భాగమునే పెద్దది చేసి, రెప్పవెండ్రుకలు విడివిడిగా కనబడువరకు లెన్సును చేతితో త్రిప్పుట మేలు. రెండు కన్నులలో కెమెరాకు దగ్గరనున్నదానిని ఎన్నుకొనవలెను. కుదిరిన పిదప స్వయంఫోకసును ఆపివేయుడు. లేనిచో మీట నొక్కగానే కెమెరా మరల వెదకుటకు పూనుకొనును.

ఇంకొక జాగ్రత్త. మీటరు దూరమున రెండు సెంటీమీటర్లు ముందుకు వంగినను శ్రమ వ్యర్థమగును. పెద్దలను వెన్నానిక గల కుర్చీలో కూర్చుండబెట్టుడు. తీగ మీటను చేతబట్టి, కెమెరా వెనుకనుండి లేచి, వారితో మాటాడుడు. తీయబోవు ముందు కంటిని తెరమీద మరొకసారి సరిచూడుడు.

పటములో మనము మొదట వెదకునది కన్నునే. మీ యింటి పెద్దలు మీ యెదుట కూర్చుండియున్నప్పుడే ఆ ఒక్క నిమిషము వెచ్చింపుడు. మా గోడమీది కమ్మలు నేటికిని మెరయుచునే యున్నవి.